హార్మోనియానికి కొట్టిన కొబ్బరికాయ

మొన్న మా వీధి చివర ఫర్నిచర్ దుకాణం ముందు బండి ఆపితే సరేసు వాసన కొట్టింది. పశువుల తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీసే బంక అది. ఇప్పుడంతా తెల్ల డబ్బాల బంకే గానీ, ఎవరో ముసలి వడ్లాయన పాత మంచం అతకడానికి పొయ్యి మీద పెట్టాడు. వెనక కూర్చున్న మా దోస్తు ఏదో చచ్చిందని ముక్కు మూసుకున్నాడు. నాకేమో ఆకలేసింది. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద సరేసు ఉడికేవి మరి. బాపు వంటింట్లోకి రాగానే ముందు చూసేది సరేసు గిన్నెనే. పప్పు మాడితే పర్వాలేదు.

మా బాపు హార్మోనియాలు చేసేవాడు. మగ్గం పనికని భివండీ పోయి, ఆ చప్పుడుకు చెవులు పోకముందే పక్క గల్లీలోని హార్మోనియం కార్ఖానాలో చేరి, పని నేర్చుకొని సిద్దిపేటకు తిరిగొచ్చాడు. నేసేవాళ్లింట్లో పుట్టి గాలిని నమ్ముకున్నాడని మా అవ్వ, అంటే అమ్మ, దెప్పేది. ఇల్లే దుకాణం కాబట్టి వానకాలమంతా తిత్తులకు వేసిన తోలు ఆరక ఇల్లు మేకల మందలా కంపుకొట్టేది. ఎండాకాలం టేకు పొట్టు అన్నంలో, పక్కలో, మా తలల్లో. చలికాలం పొద్దున్నే బాపు ఎండపొడలో కూర్చొని ఇత్తడి రీడును పెదవుల మధ్య పెట్టుకొని ఊది, ఆకురాయితో రవ్వంత గీకి, మళ్లీ ఊది, మళ్లీ గీకి, ఆ కీచుమనే స్వరంతోనే మమ్మల్ని నిద్రలేపేవాడు. పక్కింటి కోడి మాకంటే ముందే ఓడిపోయి ఊరుకుంది.

బాపుదో పద్ధతి. కొనేవాళ్ల గొంతు వినకుండా శ్రుతి పెట్టడు. ఏ ఊరి భజన వాళ్లయినా సరే, వచ్చి మా గడప దగ్గర కూర్చొని పాడాలి. ఆయన కళ్లు మూసుకొని వింటాడు. "పిల్లను సూసెతందుకు వచ్చినట్టే కూసుంటరు, చాయ్‌లు మాత్రం నేను పెట్టాలె" అని అవ్వ గిన్నెలు గట్టిగా పెట్టేది.

అట్లా ఒకసారి మర్కూక్ దిక్కు ఒక ఊరి భజన మండలి వాళ్లు వచ్చి, కాలితో తొక్కే హార్మోనియం కావాలన్నారు. పాత నాటకాల వాళ్ల దగ్గరుండే రకం: బల్లంత పెట్టె, కింద రెండు తొక్కుడు పలకలు. గాలి పని కాళ్లు చూసుకుంటే రెండు చేతులూ వాయించడానికే ఉంటాయి. బాపు దానికి ఒక వానకాలం మొత్తం పెట్టాడు. నేనూ అక్కా దాని కింద దొంగాపోలీసు ఆడితే, దాక్కున్నవాళ్లు పలక మీద కాలు వేయగానే తిత్తి బుస్సుమని పట్టించేది. పెత్తరమాస అమావాస్య నాడు, అక్క బతుకమ్మ కోసం తంగేడు పూలు కోసుకొచ్చిన పొద్దున, అది పూర్తయింది. బాపు తొక్కి, కింది స్వరం మెట్టు మీద వేలు పెట్టాడు. గోడకున్న జల్లెడ వణికింది. అవ్వ రొట్టె, బెల్లం నలిపి మలీద ముద్ద చేస్తూ చేస్తూ చేయి ఆపింది. "గిది సరే" అన్నది. మా ఇంట్లో అంతకంటే పెద్ద సన్మానం లేదు.

దసరా నాడు జమ్మి పెట్టడానికి ఆ ఊరు పోయాం. మండలి పెద్ద భూమయ్య సేటు. ట్రాక్టర్లు, నాగళ్లు, కుట్టుమిషన్లు కడిగి బొట్లు పెట్టే పండుగ కదా, ఆయన హార్మోనియాన్ని కూడా కడిగించాడు. అక్కడితో ఆగినా బతికేదేమో. దేవుడు లోపలికి పోవాలని మూత తీయించి, పసుపు నీళ్లు పోసి, మెట్ల మీదే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు రీడ్లలోకి దిగాయి. దిగుతుంటే అందరూ దండం పెట్టారు. బాపు "సేటూ!" అని అరిచిన అరుపును కూడా భక్తే అనుకున్నారు.

సాయంత్రం దాన్ని తొక్కితే జలుబు చేసిన మేక పలికినట్టు పలికింది. "పని మంచిగ లేదు మరి" అన్నాడు సేటు. బాపు జేబులోంచి మరలు విప్పే పేచ్‌కస్ తీశాడు. విప్పి, తుడిచి, ఆరబెడితే బతుకుతుందన్నాడు.

"పూజ జేసినదాన్ని ఇప్పుతవా? ఊరికి అరిష్టం."

"దాన్ని పుట్టిచ్చిందే నేను గద సేటూ."

"అప్పుడు అది కట్టె. ఇప్పుడు దేవుడు."

అంతే, తేల్చేశారు. పెట్టెను గుడి మూలకు చేర్చి, దండ వేసి, మీద దీపం పెట్టారు. భజనకు చిన్న కీబోర్డు కొనుక్కున్నారు, మీట నొక్కితే తబలా కూడా అదే కొట్టుకుంటుంది. బాపు మాత్రం ప్రతి దసరాకూ పోయి, ఒక్కసారి విప్పనీయమని అడిగేవాడు. వచ్చే యేడు చూద్దామనేవాళ్లు. తను చేసిన పెట్టెకు తనే దండం పెట్టుకొని, చేతిలో ఇంత ప్రసాదంతో తిరిగొచ్చేవాడు. ఆ ప్రసాదం నేను తినేవాణ్ణి కాదు. కోపంతోనే, పులిహోర బాగుంటుందని తెలిసీ. పగలగొట్టినవాడి మీదైతే కేసు పెట్టొచ్చు. మొక్కి మొక్కి చంపినవాడి మీద ఏ ఠాణాలో రాసుకుంటారు?

ఇప్పుడు మా ఇంట్లో టేకు పొట్టు రాలదు, గడప దగ్గర కూర్చొని ఎవరూ పాడరు, ఎండపొడలో ఇప్పుడు అవ్వ మిరపకాయలు ఆరబెడుతుంది. బాపు పని మానేశాడు. ఈ దసరాకు మోకాళ్లు సహకరించక, "నువ్వన్న అడిగి రాపో" అని నన్ను పంపాడు. పోయాను. గుడికి కొత్త టైల్స్ వేశారు. మూల ఖాళీగా ఉంది.

"చెద పట్టింది బిడ్డా," అన్నాడు భూమయ్య సేటు తృప్తిగా. "అట్ల ఉంచద్దన్నరు. వినాయకునితోని కొండపోచమ్మ సాగర్‌ల నిమజ్జనం జేసినం. బాజాప్తా డీసీఎం బండి మీద తీస్కపోయినం."

నాకు చాలా మాటలు వచ్చాయి. అన్నీ అచ్చువేయడానికి పనికిరానివే. కొన్ని అక్కడే అనేసి, బండెక్కాను.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన తిట్టలేదు. చాలాసేపు రెండు పాదాలనూ నేల మీద ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు:

"తిత్తిల గాలి ఉంటదిరా. మునిగేటప్పుడు మోగిందంటనా?"

"డీజే పెట్టిన్రు బాపూ. ఎవ్వలికీ ఇనరాలేదు."