ఐదేళ్లు వెనక్కి దిగిన ఫోను

మా అత్త కళ్లను చక్కెర జబ్బు తీసుకుపోయి ఎనిమిదేళ్లు. ఆమెకు సూర్యుడు, క్యాలెండరు, గోడ గడియారం అన్నీ ఒక ఫోనే. పక్కనున్న మీట నొక్కితే లోపలి ఆడగొంతు టైము, వారం, తేదీ, సంవత్సరం చదువుతుంది. ఆ గొంతు చెబితేనే మాత్ర మింగుతుంది. నేను చెబితే మింగదు. ఇల్లరికం అల్లుడి మాట ఏ ఇంట్లో చెల్లింది గనక.

పోయిన వేసవిలో ఫోను తనంతట తానే అప్‌డేట్ అయింది. పొద్దున మీట నొక్కితే గొంతు వేరు. అత్త ఫోనును మంచం మీద పెట్టి గుడ్డ కప్పింది.

"ఇది ఎవరప్పా? ఆమె యాడికి పోయింది?"

"ఆమే అత్తా. జలుబు చేసినట్టుండాది."

"కాదు. ఇది నన్ను చూస్తాండాది. మొగం అట్ల తిప్పు దాన్ని."

నవ్వాను. మూడు రోజులు మాత్రలు ముట్టకపోయేసరికి ఆమె కాళ్లు వాచాయి. నవ్వు ఆగింది. నా భార్య బడిలో వంటకు పోతూ, "ఆ గొంతన్నా తే, లేకుంటే అమ్మను ఆస్పత్రికి మోసుకోని పో" అంది.

నాపబండలకు పేరుపడ్డ మా బేతంచెర్లలో ఫోన్లు బాగుచేసే అతని దగ్గరికి పోయాను. కొత్త వెర్షన్‌లో పాత గొంతు లేదన్నాడు.

"పాతదానికి దించొచ్చన్నా. లోపలుండేదంతా తుడుచుకుపోతాది. తేడా వస్తే ఫోను చచ్చి బండ అయిపోతాది."

"మన ఊర్లో బండలు అమ్ముడుపోవా అప్పా? పాలిష్ పెట్టిస్తాలే."

రెండుసార్లు ఫోను ఒప్పుకోలేదు. మూడోసారి తెర నల్లబడి గంటసేపు అట్లే ఉంది. ఆ నల్లటి అద్దంలో మా ఇద్దరి మొహాలే కనిపించాయి. అతను వైరు పీకబోతుంటే వెలిగింది. అతను తీసిచ్చిన సిమ్ము నా జేబులోనే మరిచిపోయి, గోడ గడియారం చూసి టైము మటుకు సరిచేసుకుని బయల్దేరాను. తేదీ చూడలేదు. సిమ్ము వేసుంటే తేదీని ఫోనే సరిచేసుకునేదని తర్వాత తెలిసింది. ఐదో తరగతిలో బడి మానినవాడికి అంతకంటే ఏం తడుతుంది.

మధ్యాహ్నం అత్త మీట నొక్కింది. పాత గొంతే. ఒంటిగంట అంది. ఆ రోజు మంగళవారం, అది మాత్రం శుక్రవారం అంది. తర్వాత ఐదేళ్ల కిందటి సంవత్సరం చదివింది.

అత్త ఫోనును ఒళ్లో పెట్టుకుంది.

"ఇంగొక కంచం పెట్టప్పా."

"ఎవరికత్తా?"

"శుక్రవారం కదా. మీ మామ వచ్చే దినం."

మామ బండల లారీ నడిపేవాడు. రాజంపేటలో సరుకు దించి శుక్రవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఆ లారీ బోల్తాపడి ఆయన పోయి అప్పటికి నాలుగున్నరేళ్లు. ఆ పొద్దున లారీ తాళం చేతికిచ్చి పంపిందీ, శవాన్ని తడిమి చూసిందీ అత్తే.

మా వీధిలో రోజంతా లారీలు తిరుగుతాయి. అప్పుడొకటి మా వాకిలి ముందు ఆగింది. ఇంజనూ ఆగింది. అత్త మొహం తలుపు వైపు తిరిగింది. ఎవరూ తట్టలేదు. లేచి చూద్దామనుకున్నాను, లేవలేదు. కాసేపటికి లారీ కదిలి పోయింది.

"కాళ్లు కడుక్కోని వస్తాడులే. మాత్ర ఇయ్యి."

మింగింది. ఫోను తీసుకున్న నా వేలు అప్పటికే సెట్టింగుల్లో తేదీ మీద ఉంది. ఒక్క నొక్కుతో మామ మళ్లీ పోతాడు, మాత్రలూ ఆగిపోతాయి. వేలు తీసేశాను.

కాళ్ల వాపు దిగింది. మంగళవారం వస్తే రెండో కంచం పెడుతున్నాను. నా భార్య ఏమీ అడగదు, ఆ రోజు మాత్రం గుప్పెడు బియ్యం ఎక్కువ వేసి పోతుంది. సిమ్ము ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఆ ఫోను లెక్కలో మామ పోయే దినానికి నెల కూడా లేదు. తేదీని ఇంకా వెనక్కి తోద్దామా అని ఆలోచిస్తున్నాను. నిన్న మాత్ర మింగి, చెంబు నా చేతికిస్తూ అత్తే అంది.

"ఈ నెలాఖరే కదప్పా ఆ దినం?"

చెంబు గూట్లో పెట్టాను.

"రానీలే అల్లుడా. ఈసారి లారీ తాళం నేనియ్యను."