లారీ మైకు, జడపిన్ను

పాత సీబీ రేడియోలు వెతికి కొని, విప్పి, నాకు నచ్చినట్టు మార్చుకోవడం నా పిచ్చి. లారీ డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు కబుర్లాడుకున్న రేడియోలివి. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఫ్లోమార్క్ట్ అనే పాత సామాన్ల సంతలో దొరికినదాన్ని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కితే, ఆ కంపుకు సగం బోగీ ఖాళీ అయింది. మైకు జాలీలో ఎవరో డ్రైవరు మహాశయుడి ముప్పై ఏళ్ళ ఉమ్మి, సిగరెట్ పసరు, సాసేజ్ తునకలు, మీసం వెంట్రుకలు అట్టకట్టి కొత్త ఖండంలా వెలిశాయి. మైకును చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాను.

ఎదురు సీట్లో ఒక తెలుగు స్టూడెంటమ్మాయి బ్రెట్సెల్, అదే ముడివేసిన ఉప్పు రొట్టె, తింటోంది.

"ఏంది అంకుల్, ముఖం గట్ల పెట్టిన్రు?"

"ఈ మైకు పీకి పారేసి కొత్తది పెడతానమ్మా. దీన్ని నోటి దగ్గర పెట్టుకుంటే నేను బతకను."

"మైకు మారిస్తే పాత రేడియో గొంతే పోతది గదా! ఇటియ్యుండ్రి."

జడలోంచి పిన్ను తీసి జాలీలో గుచ్చి తిప్పింది. బయటికొచ్చినదాన్ని వర్ణిస్తే మీరు రెండు పూటలు అన్నం మానేస్తారు. దాన్ని కాగితంలో మడిచి, మైకును వెలుతురుకు పట్టి చూసి, నా చేతిలో పెట్టింది. ఆ పిన్నునే జీన్సుకు తుడిచి మళ్ళీ జడలో గుచ్చుకుంది. ఆ చేత్తోనే బ్రెట్సెల్ తుంచింది.

"జర తింటరా అంకుల్?"

నోరు తెరిస్తే ముక్క పెట్టేస్తుందేమోనని పేరు కూడా అడగలేదు.

మైకు మార్చలేదు. గొంతు గంటలా ఉందని అవతలి మిత్రులు మెచ్చుకుంటారు. నాకు మాత్రం దాని బటన్ నొక్కినప్పుడల్లా బట్టతల దురద పెడుతుంది.