సార్ మిషనే, కానీ సార్ చెయ్యలే

మా టెస్టింగ్ మేడమ్ పోయిందని మొన్న పొద్దున ఫోనొచ్చింది. చేసింది మా పాత యజమాని. "చాలా మంచి మనిషండీ, ఆఫీసుకు ప్రాణం" అన్నాడు. ఐదేళ్ల కింద ఆ ప్రాణాన్ని బయటికి గెంటింది ఆయనే. నాకు ఒళ్లు మండింది.

సైదాబాద్‌లో మాది రెండు గదుల ఆఫీసు. లాడ్ బజార్‌లోని ఒక గాజుల సేఠ్‌కు వెబ్‌సైట్ నడిపేవాళ్లం. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన నేను గాజులకు వర్ణనలు రాసేవాణ్ని. మేడమ్ ఛత్రినాక నుంచి బస్సులో వచ్చేది. మేం చేసిన పనిలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. అలాంటి మనిషి ఎవరికి నచ్చుతుంది?

మా ప్రోగ్రామర్లు సైట్ లోపలే ఒక పనిముట్టు పెట్టుకున్నారు. లాగిన్ అయితే స్క్రీన్ అడుగున ఒక పెట్టె తెరుచుకునేది. అందులో ఏ ఆజ్ఞ టైపు చేసినా నడుస్తున్న సైట్ మీదే అమలయ్యేది. వర్ణనలో ఒక మాట మార్చొచ్చు, మొత్తం తుడిచెయ్యొచ్చు. తయారీ అయ్యాక తీసెయ్యాల్సినదాన్ని, సౌకర్యంగా ఉందని వదిలేశారు. నాకూ ఇచ్చారు. ఫోన్ లైన్ మీద నెట్ కాబట్టి ఒకసారి లాగిన్ అయ్యేలోపు టీ చల్లారేది. అందుకని పొద్దున లోపలికి పోయినవాళ్లం సాయంత్రం దాకా బయటికి వచ్చేవాళ్లం కాదు. పక్క కిటికీలో క్రికెట్ స్కోర్లు, జాతకాలు, నా సాహిత్య వ్యాసాలు.

మేడమ్ ఒక్కతే నీళ్లు తాగడానికి లేచినా లాగౌట్ చేసేది. చదవడానికి ఒక బ్రౌజర్, పనికి ఇంకోటి. నా కుర్చీ వెనక వచ్చి నిలబడేది.

"పెద్దసార్, మళ్ల తెరిచే పెట్టిన్రా?"

"పాస్‌వర్డ్ ఉంది కదమ్మా, దొంగ ఎట్లా వస్తాడు?"

"దొంగ రాడు సార్. వాని పేజీ మీరే తెరుస్తరు. ఆ పేజీ మీ బ్రౌజర్‌తోని మన సైట్‌కు ఆజ్ఞ పంపిస్తది. మీరు లోపలున్నరు గద, అడిగింది మీరే అనుకుంటది సైట్. మీ చెయ్యి పట్టుకొని సంతకం పెట్టిచ్చినట్టు."

ఆమె అడిగినవి రెండే. ఆ పెట్టె తీసెయ్యండి. లేదంటే, మన పేజీకి మాత్రమే తెలిసిన ఒక రహస్య సంఖ్య ప్రతి ఆజ్ఞతో వెనక్కి వచ్చేలా చెయ్యండి. అది లేని ఆజ్ఞను సైట్ పట్టించుకోవద్దు. ప్రోగ్రామర్లు తీరిక లేదన్నారు. యజమాని, "గాజుల మీద ఎవడికమ్మా అంత కక్ష?" అన్నాడు. అందరం నవ్వాం. నా నవ్వే పెద్దది.

రంజాన్ ముందు వారం సైట్ చిరునామాకు ఒక మెయిల్ వచ్చింది: మీ గాజుల వర్ణనలను మెచ్చుకుంటూ వ్యాసం రాశాం, చదవండి. ఇన్నేళ్లకు నన్ను మెచ్చేవాడు దొరికాడని అందులోని లింకు ఆత్రంగా తెరిచాను. తెల్లటి పేజీ. వ్యాసం లేదు. కాసేపటికి సేఠ్ ఫోన్: "క్యా కర్ దియే భాయ్? పూరీ దుకాన్ ఖాలీ!" సైట్‌లో ఒక్క గాజు మిగల్లేదు.

మేడమ్ సర్వర్ రికార్డు తీసి అందరి ముందూ చెప్పింది. "ఆజ్ఞ పెద్దసార్ మిషన్ నుంచే పోయింది. కానీ సార్ చెయ్యలే."

"మిషన్ ఆయనదే, చేసింది ఆయన కాదు. మరి దెయ్యమా?" అన్నాడు యజమాని. "ఆఫీసు మొత్తంలో ఈ విద్య తెలిసింది నీకొక్కదానికే కదమ్మా."

ఆమె నావైపు తిరిగింది. "అప్పుడు ఏ పేజీ తెరిచిన్రో చెప్పున్రి సార్."

ఒక్క మాట చాలు. పొగడ్తకు ఆశపడి తెరిచానని చెప్పడానికి సిగ్గేసింది. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన నోటితో, "నాకేం గుర్తులేదమ్మా" అన్నాను. వారంలో ఆమెను తీసేశారు. ఆ పెట్టెను మాత్రం తియ్యలేదు.

నిన్న ఛత్రినాకలో వాళ్లింటికి వెళ్లాం. యజమాని మళ్లీ ప్రాణం, మాణిక్యం అని మొదలుపెట్టాడు. నేను వినలేక ఆమె తల్లితో అన్నాను, "అమ్మా, ఆ పేజీ తెరిచింది నేను. మీ బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు."

"ఇప్పుడెందుకండీ అవన్నీ" అని యజమాని నా మోచెయ్యి నొక్కాడు.

"గిప్పుడు చెప్తవా సార్?" అంది తల్లి. "పనిలకెల్లి తీసేసిన్రంటే, ఏదో చేసే ఉంటదని గల్లీ గల్లీ అన్నది."

లేచి బయటికి నడిచింది. మైల రోజులు, ఎవరి గడపా ఎక్కకూడదు. అందుకని గల్లీలోనే ఒక్కో గుమ్మం ఎదుట ఆగి, లోపలికి వినపడేలా, "నా బిడ్డ చెయ్యలేదంట. ఆఫీసు సారే చెప్తున్నడు" అని చెప్పి, చెప్పులు కూడా లేకుండా తర్వాతి ఇంటికి పోసాగింది.