అప్పన్న గారు వెనక్కి పంపిన రికార్డు

రెండేళ్ల క్రితం, జూలై చలిలో, సిడ్నీ శివార్లలోని స్కోఫీల్డ్స్‌లో మా క్లినిక్‌కి అప్పన్న గారు వచ్చారు. నేను ఆడియాలజిస్ట్‌ని. చెవులు పరీక్షించి, అవసరమైనవాళ్లకి హియరింగ్ ఎయిడ్స్ అమర్చడం నా పని. మా దగ్గరికి చాలామంది ఇంట్లోవాళ్ల పోరు పడలేక వస్తారు. ఈయన తనంతట తానే వచ్చారు, అదీ కోపంగా.

"వేరేచోట కొన్నానమ్మా ఇవి. మాటలు వినపడతాయి. నా డ్రమ్స్ మాత్రం మాయం!"

ఆయనది ఫిజీ. తెలుగు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నారు, కోపం వస్తే ఇంగ్లీషులోకి జారిపోతారు. కుర్రతనంలో సిడ్నీ వచ్చి, తొంభైల్లో స్నేహితుడు గ్రాంట్‌తో కలిసి ఇక్కడికి దగ్గర్లోనే క్వేకర్స్ హిల్‌లో ఒక గరాజ్‌లో చిన్న రికార్డు లేబుల్ పెట్టారు. అంటే ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా పాటలు తామే తయారుచేసి, రికార్డులు వేయించి, కారులో తిప్పుతూ అమ్ముకోవడం. వాళ్ల సంగీతం పేరు డ్రమ్ అండ్ బేస్. పైన డ్రమ్స్ ఎవరో తరుముతున్నట్టు పరిగెడతాయి, కింద మంద్రంగా బేస్ నింపాదిగా నడుస్తుంది. వాళ్ల మొట్టమొదటి ట్రాక్ విని ఈ ఊళ్లో ఎంతోమంది ఆ సంగీతంలోకి దిగారట. ఆయన ఫోన్‌లో వినిపిస్తే నాకు మాత్రం వాషింగ్ మెషీన్‌లో బూట్లు వేసినట్టనిపించింది. పైకి అనలేదు లెండి.

పరీక్ష చేశాను. ఏ శబ్దం ఎంతమేరకు వినపడుతుందో చూపే గ్రాఫ్‌ని ఆడియోగ్రామ్ అంటాం. ఆయనది ఒకవైపు నిటారుగా దిగిపోయింది. బేస్ చక్కగా వింటున్నారు. డ్రమ్స్‌తో మోగే కంచు తాళాల చప్పుడులాంటి పై శ్రుతి శబ్దాలు దాదాపు లేవు. ఏళ్ల తరబడి స్పీకర్ల పక్కన నిలబడితే మరేమవుతుంది?

"ఎప్పటినుంచి ఇలా?" అని అడిగాను.

"హూ నోస్? యువర్ ఇయర్స్ ఆర్ గాన్ మేట్ అని గ్రాంటే అన్నాడు. అప్పట్నుంచి వాడితో మాటల్లేవు."

అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఆ పాత ట్రాక్‌ని మళ్లీ రికార్డుగా వేస్తున్నారు. అన్నీ అచ్చు వేసేముందు ఫ్యాక్టరీ ఒక నమూనా పంపుతుంది, దాన్ని టెస్ట్ ప్రెస్సింగ్ అంటారు. ఇద్దరూ సరేనంటేనే మిగతావి. మొదటి నమూనాకే గ్రాంట్ సరేనన్నాడు. ఈయనేమో తాళాలు సరిగ్గా వినపడట్లేదు, పెంచండి అని తిప్పి పంపారు. ఇంకోటి వస్తే అదీ పంపారు. ఇద్దరి మధ్య మాటా మాటా పెరిగింది. ఇప్పుడు మూడోది వచ్చింది, ఆ వారంలోగా జవాబు చెప్పాలి.

"వాడు ఎలా ఉన్నా వదిలేస్తాడమ్మా. నా బతుకులో సరిగ్గా చేసిన పని ఆ ట్రాక్ ఒక్కటే," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో కోపం లేదు, భయం ఉంది.

హియరింగ్ ఎయిడ్‌లో నాయిస్ రిడక్షన్ అని ఒకటుంటుంది. ఆగకుండా వచ్చే చప్పుడుని ఫ్యాను రొద అనుకుని తగ్గించేస్తుంది. ఆయన డ్రమ్స్‌నీ రొద కింద జమకట్టింది. సంగీతం విషయంలో దాని అభిరుచీ నా అభిరుచీ ఒకటేనన్నమాట! దాన్ని ఆపేసి, సంగీతం కోసం విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టాను. మామూలుగా మాటల రికార్డింగ్‌తో సరిచూస్తాం. ఈయనకి అది చాలదని, ఇంట్లో సరంజామా పట్టుకురమ్మన్నాను. మర్నాడు రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్‌తో పాటు చిన్న ఫ్రిజ్ అంతేసి స్పీకర్లు దింపారు. పక్కనున్న డెంటిస్ట్ రిసెప్షనిస్ట్ పరిగెత్తుకొచ్చి, గోడ అదురుతోందని మొత్తుకుంది.

ముందు ఆనాటి రికార్డు పెట్టారు. ఆయన వింటూ చెబుతుంటే నేను కొంచెం కొంచెంగా సర్దుతూ వచ్చాను. ఒకచోట ఆయన చెయ్యెత్తి, "చాలు. వచ్చేశాయమ్మా," అన్నారు. కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత కొత్త నమూనా పెట్టారు. కాసేపటికే ముఖం ముడుచుకుపోయింది. ముల్లు ఎత్తేశారు.

"చెవులు కోసేస్తోంది! ఎవడు చేశాడిలా?"

ఆయన ఆ రికార్డు వంకే చూస్తూ ఉండిపోయారు.

"నేనే," అన్నారు చివరికి. "పెంచమన్నది నేనే కదా."

నాకు చాలా జాలేసింది. చెవులు దెబ్బతిన్నాయని గ్రాఫ్ చూపించినప్పుడు కూడా ఆయన అంత కుంగిపోలేదు.

ఆ కుర్చీలోంచే గ్రాంట్‌కి ఫోన్ చేశారు. అలవాటుగా స్పీకర్ నొక్కారు కాబట్టి నాకూ వినపడింది. ఇంగ్లీషులో ఆయన చెప్పింది ఇంతే: "మొదటిదే బాగుంది. దాన్నే వెయ్యమను. నువ్వన్నది నిజం, నా చెవులు పోయాయి. ఆడియాలజిస్ట్ ఆవిడ దగ్గరే ఉన్నాను."

అవతల గ్రాంట్ దగ్గి, "ఆవిడ దగ్గర ఇంకో అపాయింట్‌మెంట్ దొరుకుతుందేమో అడుగు. టీవీ సౌండ్ గురించి మా ఇంట్లో రోజూ యుద్ధమే," అన్నాడు.

అంతకుముందు కొత్తగా వచ్చినవాళ్లని "ఏం వినపడట్లేదు?" అని అడిగేదాన్ని. వినపడనిదేదో వాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది? ఇప్పుడు, "ఈమధ్య ఎవరితో గొడవపడ్డారు?" అని అడుగుతున్నాను. చాలామంది ముందు చిరాకు పడతారు. ఆ తర్వాత ఓ పేరు చెబుతారు.