నీలం హెల్మెట్ ఆయన

మొన్న మెకానిక్ షాపు ముందు బైకు పొగ వాసన తగలగానే ఎర్రగుంట్ల మట్టి ట్రాక్ గుర్తొచ్చింది. నాకు ఏడేళ్లప్పుడు మా మేనత్త నన్ను చర్చి నుంచి నేరుగా బైకు పందేలకు తీసుకెళ్లింది. మొదటి పందేనికే ఆమె తెల్లచీర మట్టి దుమ్ముకు ఎర్రబడింది.

మలుపులో మట్టి చిమ్ముతూ, అందరికన్నా ముందు నీలం హెల్మెట్ ఆయన పోతున్నాడు. ఆయనే గెలుస్తాడనుకుని కేకలు పెట్టాను.

"ఇంగా గట్టిగా అరువమ్మీ" అంది అత్త.

కప్పు ఇంకొకరికిచ్చారు. నేను ఏడ్చాను.

"ఆయప్ప ఒక చుట్టు ఎనకబడినాడు మే. మిగతావాళ్లు ఇంగో చుట్టు తిరిగొచ్చి ఆయప్ప ఎనకాలకి చేరినారు, అందుకే అందరికీ ముందర కనపడినాడు" అంది అత్త.

"మరి నన్నెందుకు అరవమంటివి?"

"కడాన వచ్చేటోనికీ ఒగరు అరవాల గదా."

ఇప్పటికీ పందేలకు వెళ్తాను. గెలిచేవాళ్లకు అరిచేవాళ్లు శానామంది ఉంటారు. నా కళ్లు మాత్రం చివరివాణ్ణే వెతుకుతాయి.