సున్నం సాయిబు చూపించిన నెల్లూరు

నేను కోవూరు పిల్లను. పెన్నకు ఈవల మా ఇల్లు, ఆవల నెల్లూరు. పొలం గట్టు మీద నిలబడితే రంగనాయకస్వామి గాలిగోపురం కనపడేది. పండక్కి చీర కొనాలన్నా, పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి పోవాలన్నా మాకు నెల్లూరే. అలాంటి నాకు ఎవరో వచ్చి నెల్లూరు చూపిస్తామంటే నవ్వు రాదా? వచ్చింది. ఒక్క పూటలో ఆ నవ్వు ఎలా అణిగిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో మాట. నాకు పెళ్ళయి రెండో ఏడు. చిట్టమూరు పక్కన పల్లెలో మా అత్తగారిల్లు. మామగారు లేరు. మాగాణి, పాలేళ్ళు, కొడుకు, కోడలు, అందరం మా అత్త కనుసన్నల్లో మెలిగేవాళ్ళం. ఆమె మాటకు ఎదురు లేదు. ఆమెకు ఓపికా లేదు. ఎసట్లో బియ్యం పోసి, ఉడికిందాకా పక్కనే నిలబడి ఆ బియ్యాన్ని తిట్టే మనిషి. ఆ ఏడు ఆమె పూరిల్లు పీకించి మిద్దె కట్టాలని పట్టు పట్టింది. అదీ సిమెంటుతో. వచ్చే వైశాఖానికి పాలు పొంగించాలని అందరికీ చెప్పేసింది కూడా. ఆ రోజుల్లో సిమెంటు కావాలంటే పర్మిట్టు ఉండాలి. దానికి అర్జీ పెట్టి, నెల్లూరు ఆఫీసు చుట్టూ మా ఆయన చేత నాలుగుసార్లు తిప్పించింది.

అప్పుడొచ్చాడు సాయిబు. ఆయన నెల్లూరులో ముసలి తాపీ మేస్త్రి. ఏటా ఒకసారి మా వైపు వచ్చి పులికాటు సరస్సు ఒడ్డున గుల్ల ఏరించి బండ్లకెత్తించుకుని పోయేవాడు. ఆ గుల్లను బట్టీలో కాల్చి సున్నం చేయడం, సున్నాన్ని ఎద్దుల గానుగలో నూరడం, దాంతో గోడలు కట్టడం, పూయడం వాళ్ళ ఇంటి విద్య. మా వైపు అందరూ ఆయన్ని సున్నం సాయిబు అనేవాళ్ళు. మిద్దె సంగతి విని మా వాకిట్లోకి వచ్చి ఆ పని తనకిమ్మని అడిగాడు. మా అత్త సిమెంటు అనేసి లోపలికి పోబోయింది. ఆయన వాదించలేదు. ఒక్క పూట తనతో నెల్లూరు చూడమన్నాడు. చూసి వద్దంటే మళ్ళీ ఈ గడప తొక్కనన్నాడు. ఎటూ పర్మిట్టుకు తానే పోదామనుకుంటోంది కాబట్టి అత్త సరేనంది. "ముసలోడు జట్కా పెట్టి తిప్పతానంటే చేదా?" అని నాతో గుసగుసగా అని, తోడుకు నన్ను బయల్దేరదీసింది.

గూడూరు మీదుగా బస్సులో నెల్లూరు చేరేసరికి తొమ్మిదయింది. ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే మూడు గంటలకు రమ్మన్నాడు. బయట జట్కాతో సాయిబు సిద్ధంగా ఉన్నాడు. తెల్లటి గడ్డం, ఉతికిన లుంగీ, భుజాన తువ్వాలు, చంకన గుడ్డసంచి. మమ్మల్ని వెనక మెత్త మీద కూర్చోబెట్టి తాను బండివాడి పక్కన ముందు కూర్చున్నాడు.

మొదట పెన్న ఒడ్డుకు, రంగనాయకుల గుడికి తీసుకుపోయాడు. జట్కా దిగగానే నా చేతులు అలవాటుగా గోపురం వైపు లేచాయి. ఆయన మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. దేవుడెక్కడికీ పోడని, ముందు గోడ చూడమని అన్నాడు. చెప్పులు దూరంగా విప్పి, ప్రహరీ వెంట నడిపించి ఒకచోట ఆపాడు.

"అమ్మా, ఈడ నా మాసిక ఒకటి ఉండాది. కనుక్కోండి చూస్తాం" అన్నాడు.

మా అత్తకు ఇలాంటి పందెమంటే పడిచచ్చేంత ఇష్టం. కొంగు బిగించి గోడ మీద పడింది. కళ్ళు చికిలించింది. అరచేత్తో తడిమింది. గోరుతో గీకబోతే సాయిబు మెల్లగా వద్దన్నాడు. నేనూ వెతికాను. ఎండ వాన తిని బూడిదరంగు తేలిన గోడ, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే తీరు. ఎక్కడా అతుకు లేదు. ముసలోడు మనల్ని ఆడిస్తున్నాడని అత్త నా చెవిలో అంది.

సాయిబు సంచిలోంచి ఇత్తడి చెంబు తీసి నీళ్ళు తెమ్మని నాకిచ్చాడు. తాను చల్లలేదు, నన్నే చల్లమన్నాడు. బారెడు మేర చల్లాను. గోడంతా ఒక్కసారిగా నల్లబడింది. పాత సున్నం నీళ్ళను గబగబా తాగేసింది. చుట్టూ తెల్లబడుతూ వస్తుంటే మధ్యలో ఒక ముక్క మాత్రం ఆరకుండా నిలిచిపోయింది. అంచులు స్పష్టంగా తేలాయి. తలుపంత పెద్ద మాసిక! చూస్తూ చూస్తూ ఉండగానే అదీ ఆరింది. మళ్ళీ అంతా ఒకటే గోడ.

ఇన్నేళ్ళుగా ఈ గోడ పక్కనే నడిచి, ఈ గోడకే ఆనుకుని ప్రసాదం తిన్నాను. దీని లోపల ఒక మనిషి పని ఉందని ఒక్కనాడూ తోచలేదు. అది ఎప్పుడు వేశాడని అడిగితే, తన పెద్దకొడుకు పుట్టిన ఏడాది అన్నాడు. ఆ కొడుక్కు అప్పటికే నెరిసిన మీసాలట.

"కనపడితే నా పని చెడినట్టు తల్లీ" అన్నాడు నాతో. పక్కింటి పెళ్ళి గురించి చెబుతున్నంత మామూలుగా అన్నాడు.

అక్కడినుంచి చెరువుగట్టు దగ్గర బారాషహీద్ దర్గాకు పోయాం. అక్కడ తలకు తువ్వాలు చుట్టుకుని, లోపలికి సలాం చేసుకుని వచ్చి, బయటి గోడ ఒకటి చూపించాడు. అది వాళ్ళ తాత పూసిన గచ్చు. చెవి ఆనించి వేలి కణుపుతో కొట్టమన్నాడు. మా అత్త సంతలో కుండ కొట్టి చూసినట్టు కొట్టింది. గట్టిగా, నిండుగా పలికింది. పక్కన మూరెడు దూరంలో కొట్టమన్నాడు. అక్కడా అదే పలుకు. రెండోది తన మాసిక అని చెప్పాడు. ఆ మూరెడు ముక్కకు తాత గచ్చు పలుకు రప్పించడానికి మూడుసార్లు పూసి, మూడుసార్లు పీకేశాడట. నాలుగోసారికి కలిసిందట.

అత్త మళ్ళీ ఒకసారి అదీ ఇదీ కొట్టి చూసింది. కుండల బేరంలో ఆమెను మోసం చేసిన కుమ్మరి మా జిల్లాలో లేడు. ఈసారి నా చెవిలో ఏమీ అనలేదు.

ఆ తర్వాత మూలాపేటలో ఒక పాత మండువా ఇల్లు. ఆ ఇంటావిడకు సాయిబు బాగా తెలుసు. మజ్జిగ ఇచ్చి లోపలికి రమ్మంది. నడవలో స్తంభాలు చూసి నేను నోరు తెరిచాను. కరక్కాయ నీళ్ళు, బెల్లం పోసి నూరిన సున్నం పూసి, దాన్ని గులకరాయితో రోజుల తరబడి రుద్ది రుద్ది తేల్చిన నున్నదనం అది. అందులో నా ముఖం కనపడింది. బొట్టు చెదిరి ఉంటే ఆ స్తంభంలో చూసుకునే సర్దుకున్నాను. కట్టి వందేళ్ళు దాటిందని ఇంటావిడ చెబుతుంటే, దాని మీద ఆనించిన చెయ్యి నాకు వెనక్కి తీయబుద్ధి కాలేదు. నిండు ఎండాకాలం మధ్యాహ్నం అది. ఆ స్తంభం మాత్రం నీళ్ళకడవంత చల్లగా ఉంది. మనుషులు వస్తారు, పోతారు, ఎవరి పేరూ మిగలదు. చేతులు చేసింది మాత్రం ఇలా నిలబడి ఉంటుంది. నాకు భయం లాంటిదే వేసింది. గుడిలో గర్భగుడి ముందు వేసే భయం.

అక్కడ సాయిబు పని ఏదంటే, చెదపట్టిన ద్వారబంధం మార్చినప్పుడు దాని పక్కన నింపిన బెత్తెడు వెడల్పు పట్టీ. అదీ చూపిస్తే గాని కనపడలేదు.

మా అత్త మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ఆమె అడగదలుచుకున్నది ఎవరింట్లో ఉన్నా అడిగేస్తుంది.

"అన్నీ చూపించినావు సాయిబూ. బాగుండాయి. నువ్వు కట్టిందేదయ్యా?"

ఆయన లేచాడు. సంచి సర్దుకున్నాడు. వీధిలోకి వచ్చి, జట్కా ఎక్కించి, కొంత దూరం పోయాక, గుర్రం వైపే చూస్తూ చెప్పాడు. తాను కట్టింది ఏదీ లేదట. తాపీ పట్టేనాటికి నాయన ఉన్నాడు, ఆయన కింద పని చేశాడు. నాయన పోయేనాటికి సిమెంటు వచ్చింది. కొత్త ఇళ్ళన్నీ దాంతోనే. సున్నం మేస్త్రిని పిలిచేది పాత గోడ పెచ్చులూడినప్పుడే. నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఆయన చేయి పడని వీధి లేదు. కానీ ఇదిగో ఇది నాది అని ముందు నిలబడి చూపించే గోడ ఒక్కటి లేదు. చేతులు ఇంకో రెండేళ్ళు ఆడతాయేమో అన్నాడు. ఒక్క ఇల్లు, పునాది నుంచి పైకప్పు దాకా, తన చేత్తో కట్టి పోవాలని ఉందన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. అత్త ముందు ఏడిస్తే ఊరుకోదని అటు తిరిగి దుకాణాలు చూస్తున్నట్టు నటించాను. ఆమె కూడా రెండోవైపు దుకాణాలే చూస్తోంది.

మూడు గంటలకు ఆఫీసులో పర్మిట్టు ఇచ్చారు. అడిగినదాంట్లో సగం బస్తాలకే. గుమాస్తాతో అత్త కొట్లాడింది గాని, ఆయన ఈసారీ తలెత్తలేదు. ఆమె బయటికొచ్చి వసారా మెట్టు మీద కాసేపు కూర్చుంది. ఆమె తల ఎంత చురుగ్గా పని చేస్తుందో నాకు తెలుసు. అనుకున్నట్టే, సాయిబును పిలిచి తేల్చేసింది. గదులన్నీ సిమెంటుతో కట్టిస్తుందట. నడిమి హాలు మాత్రం ఆయనకు, సున్నంతో. ఇద్దరికీ మంచిదే గదా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయిబు చేతులు జోడిస్తాడనుకున్నాను.

చేతులైతే జోడించాడు.

"వద్దమ్మా. సగం ఇస్తే అదీ మాసికే అయితాది" అన్నాడు.

మా అత్తకు వద్దనే మాట వినడం అలవాటు లేదు. ఆమె ముఖం ఎర్రబడింది. పోనీ ఇల్లంతా నీకే ఇస్తే వైశాఖానికి అవుతుందా అని గద్దించింది. అవుతుందని ఒక్క మాట అబద్ధమాడితే పని ఆయనదే. నేను లోపల్లోపల రంగనాయకస్వామికి దండం పెట్టుకున్నాను, అబద్ధమాడమని. ఆయన ఆడలేదు. సున్నం నానాలి, గానుగ ఆడాలి, పూసింది ఆరాలి, ఆ వైశాఖం కాదు, ఆపై వైశాఖమే అన్నాడు. తనకు వయసయిపోతోంది గాని సున్నానికి తొందర లేదన్నాడు.

అత్త పర్మిట్టు మడిచి రొంటిన దోపుకుని జట్కా ఎక్కింది. ఆయన మమ్మల్ని బస్సెక్కించి, కిటికీ పక్కన నిలబడి, ఊరు చూసినందుకు మాకే కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం మళ్ళీ మా గడపకు రానని కూడా చెప్పాడు. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. బస్సు కదులుతుండగా అత్త కిటికీలోంచి తల బయటపెట్టింది.

"గుల్ల బండ్లు ఎన్నడు తోలించమంటావు?" అంది, కోపంగానే.

ఆ సిమెంటు ఏమయిందని అడుగుతారేమో. గొడ్లకు కుడితి తొట్లు కట్టించింది. అంత నాణ్యమైన తొట్లు మా చుట్టుపక్కల ఏ గొడ్డూ ఎరగదు.

ఏడాదిన్నర పట్టింది. ఊళ్ళోవాళ్ళు మా అత్తకు సున్నం పెట్టాడని ముసలాయన్ని, ముసలాయన మాటకు బుర్ర ఊపిందని మా అత్తను ఎగతాళి చేశారు. ఆమె బియ్యాన్ని తిట్టినట్టే రోజూ గోడల పక్కన నిలబడి సున్నాన్ని తిట్టింది. కప్పు వేసినప్పుడు పదిమంది ఆడవాళ్ళు కొయ్యబద్దలు పట్టుకుని వరసగా కూర్చుని పాడుతూ కప్పు గట్టిపడేలా రోజుల తరబడి దిమ్మిస కొట్టారు. నేనూ ఒక బద్ద పట్టాను. చివరి నెలల్లో సాయిబు చెయ్యి వణికేది. తాపీ గోడకు తాకగానే మాత్రం వణుకు ఆగిపోయేది. ఎలా ఆగేదో నాకు ఈనాటికీ అంతుబట్టదు.

పాలు పొంగించిన రోజు చుట్టాలతో ఇల్లు కిటకిటలాడింది. కోవూరు నుంచి మా పుట్టింటివాళ్ళూ వచ్చారు. అందరూ గోడల్లో ముఖాలు చూసుకుని ముచ్చటపడుతుంటే, మా పెదనాన్న హాల్లో నిలబడి ఇది ఎవరి పనితనమని అడిగాడు. సాయిబు కొత్త పంచెతో గోడ పక్కనే ఉన్నాడు. చెప్పబోయాడు. ఆయన చెయ్యి అలవాటుగా గోడ మీదికి పోయింది. తన ముక్క ఏదో వెతుకుతున్నట్టు ఆ గోడ మీద ఇటు నుంచి అటు జరిగింది. ఎంత జరిగినా దానికి అంచు దొరకలేదు.

మా అత్త పొయ్యి దగ్గర నుంచి గరిటె పట్టుకునే వచ్చింది.

"అంతా" అంది. "ఈ ఇల్లంతా ఆయన కట్టిందే."

సాయిబు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, తాను పోసిన గచ్చు మీదనే కూర్చుండిపోయాడు.