నా మోచేతికి కొలిచిన స్టాండు

మొన్న మదనపల్లెలో మా అంగడి ముందు ఒకాయన గోనెసంచి విప్పాడు. లోపల ఏముందో చూడకముందే డీజిల్‌లో నానిన తుప్పు వాసన గుప్పుమంది. పక్క అంగడివాళ్ళు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం బిర్యానీ వాసన తగిలినదానిలా ఇంకాస్త ముందుకు వంగాను. ఆ వాసన వస్తే నాకు పుంగనూరులో ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. అందులో మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని, ప్రతి వస్తువునూ కంటికి రెండు వేళ్ళ దూరంలో పెట్టుకుని చూసే కమ్మరి ఖాసిం మామ కనిపిస్తాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. పుంగనూరు బయట ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్నది గిన్నెల అంగడి, మేనమామలది గుడ్డల అంగడి. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. పెళ్ళయ్యాక ఇనుప సామాన్ల అంగడికి వచ్చి పడ్డాను. కొత్త సామాను అమ్మడం మా ఆయన పని. పాత పనిముట్లు ఏరి తెచ్చి, బాగుచేయించి అమ్మడం నా పిచ్చి. ఆ పిచ్చితోనే ఒకసారి కుప్పంలో పాత ఇనుము కొట్టుకు వెళితే, రేకుల కుప్ప కింద ఒక వైస్ కనిపించింది. ఇప్పుడు బల్లలకు బిగించే పొట్టి వైస్ కాదు. కమ్మరులు కొలిమి పక్కన పెట్టుకునేది. పైన రెండు దవడలు, వాటిని బిగించడానికి బొటనవేలంత లావు మర, కింద నేలదాకా దిగే పొడుగాటి కాలు. దవడల మధ్య ఇనుమును పట్టించి సుత్తితో కొడితే, ఆ దెబ్బ కాలి గుండా నేలలోకి దిగిపోతుంది.

"ఇంగ్లీషోళ్ళ కాలం సరుకమ్మా" అన్నాడు కొట్టాయన.

"ఇంగ్లీషోళ్ళు పోయినారు, తుప్పు మిగిలుండాది. తూకానికి ఇచ్చెయ్యప్పా" అన్నాను.

పొద్దున మొదలుపెట్టిన బేరం ఎండ నెత్తికెక్కేదాకా సాగింది. రెండుసార్లు అలిగి బస్టాండు వైపు నడిచాను, రెండుసార్లూ ఆయన పిలిచాడు. చివరకు తూకానికే ఇచ్చాడు. గెలిచిన పహిల్వానులా పుంగనూరు చేరి, ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని ఖాసిం మామ షెడ్డు ముందు దించాను.

ఆయన దాన్ని చూడలేదు, తడిమాడు. కుడికంట్లో పొర, ఎడమకంటితోనే పనంతా. "దవడలుండాయి, మర ఉండాది, కాలుండాది. మధ్యలో స్ప్రింగు యాడ? దీన్ని మొద్దుకు కట్టే పట్టా యాడ?" అన్నాడు.

"అవి కూడా ఉంటాయా మామా?"

"ఆయప్ప తీసి పక్కన పెట్టుకోనుంటాడు. నువ్వు అంతసేపు బేరం ఆడతాంటే ఆయప్పకు బాగా టైము దొరికింటాది."

మరుసటి రోజు మళ్ళీ కుప్పం వెళ్ళాను. కొట్టాయన నన్ను చూడగానే టీ తెప్పించాడు. "వస్తావని తెలుసమ్మా" అంటూ బల్ల కింద నుంచి స్ప్రింగు, పట్టా తీశాడు. వైస్ మొత్తానికి ఎంత ఇచ్చానో, ఆ రెండు ముక్కలకూ అంతే అడిగాడు. నేను నోరెత్తకుండా ఇచ్చాను. ఈ సంగతి మా ఆయనకు ఇది చదివితేనే తెలుస్తుంది.

ఖాసిం మామతో కూలి మాట్లాడుకోవడం అంతకంటే ఘోరం. "నువ్వే సెప్పు శెట్టెమ్మా" అన్నాడు. పెంచమని అడుగుతాడు కదా అని న్యాయమైన దాంట్లో సగం చెప్పాను. "సరే" అన్నాడు. అంతే. బేరం ఆడేవాళ్ళకు అంతకు మించిన అవమానం లేదు.

ఆయన ఒక్కటే అడిగాడు. "బాగు చేస్తా గానీ, ఇది పనోళ్ళ చేతికే పోతాది గదా?"

"ఆ, పనికే మామా" అన్నాను.

అబద్ధం. అప్పటికే బెంగళూరులో కాఫీ హోటలు పెడుతున్న ఒకాయనకు ఫోటో పంపాను. హోటల్లో, దీపం కింద, అలంకారానికి పెట్టుకుంటానన్నాడు. నిజం చెబితే ఈ ముసలాయన ముట్టుకోడేమోనని నా భయం. ట్రాక్టర్లు వచ్చాక ఆయన కొలిమి ఆరిపోయింది. కత్తులకు సానపెట్టుకుంటూ, తాళాలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. తన చేతి మీదుగా ఇంకొక పనిముట్టు పనిలోకి పోవాలన్న ఆశ ఆ ప్రశ్నలో నాకు వినిపించింది. వినిపించినా ఊరుకున్నాను.

వారానికి రెండుసార్లు వెళ్ళి చూసేదాన్ని. మర డీజిల్‌లో నానుతుండేది. ఓపిక చాలక ఒకరోజు మర పిడికి పైపు తగిలించి తిప్పబోయాను. ఆయన లోపలి నుంచే అరిచాడు. "యాలమ్మా దాని చెయ్యి విరగ్గొడతావు? అది గూడా తూకానికి ఇచ్చేదానికా?" ఇంకోరోజు వెండిరంగు డబ్బా పట్టుకెళ్ళాను. మూత తీయనివ్వలేదు. "దానికేమన్నా పెండ్లా?" అని నా చేతికి తీగల బ్రష్షు ఇచ్చి రుద్దమన్నాడు. వంగిపోయిన స్ప్రింగు కోసం ఏళ్ళ తరువాత కొలిమి రాజేశాడు. ఆ వెలుగులో ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

దవడలు సరిగ్గా కలిశాయో లేదో చూడటానికి క్యాలెండరు కాగితం ముక్క పట్టించి లాగేవాడు. ఒక మూల కాగితం బిగుసుకుంటే, రెండో మూల జారిపోయేది. ఆకురాయి తీసి రుద్దడం, మళ్ళీ కాగితం. కన్ను నీరు కారుతుంటే తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ రుద్దడం. మూడు రోజులు అదే పని. నాలుగోరోజు కాగితం ఏ మూల లాగినా చిరిగిందే కానీ జారలేదు.

తరువాత స్టాండు. కింద మందపాటి ఇనుప పలక, దాని మీద ఇసుక నింపిన లావు పైపు, వైస్ కాలు దిగడానికి పలకలో ఒక గుంట. "ఎత్తు ఎవురి మోచేతికి పెట్టాల?" అని అడిగాడు. దవడలు పనిచేసేవాళ్ళ మోచేతికి సమంగా ఉండాలట.

"అందరికీ సరిపోయేటట్టు పెట్టు మామా."

"అందరికీ సరిపోయేదానికి ఇదేమన్నా దుప్పటా? పని ఎవురు జేస్తారు?"

దొరికిపోతానని నోటికొచ్చింది అనేశాను. "నేనే."

ఆయన పైకీ కిందకీ చూశాడు. నేను ఎంత పొట్టిదాన్నో నన్ను చూసినవాళ్ళకు తెలుసు. నవ్వకుండా చీపురుపుల్ల తెచ్చి, నేల నుంచి నా మోచేతిదాకా కొలిచి విరిచాడు. "మంచిది శెట్టెమ్మా. అంగట్లో కూర్చోని బేరాలాడేదానికంటే మంచిది" అన్నాడు.

వైస్ మదనపల్లె చేరింది. బెంగళూరాయన వచ్చి చూసి మెచ్చుకున్నాడు. కానీ పిల్లల వేళ్ళు నలుగుతాయేమోనని, దవడలు మూసి వెల్డింగు చేయించమన్నాడు. నాకు తెలిసిన నమ్మకమైన చేతులు పుంగనూరులోనే ఉన్నాయి. సిగ్గులేకుండా అక్కడికే వెళ్ళి అడిగాను.

మామ చేతిలోని పని పక్కన పెట్టాడు. "దవడలు మూసి వెల్డింగా? నువ్వే పని జేస్తానంటివే" అన్నాడు. అంతా చెప్పేశాను.

"అమ్ముకో అమ్మా. నీ వస్తువు, అమ్ముకుంటే తప్పు లేదు. హోటలుకని సెప్పింటే హోటలుకు తగినట్టు జేసేవాణ్ణి. ఒక్క పొద్దు పని. కాగితం పట్టేదాకా మూడు దినాలు ఈ ఒంటికన్నుతో యాల రుద్దుతా?"

తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆయన లెక్క అడిగినట్టు అడిగాడు. కూలి సగానికి తగ్గించాననే నేను అప్పటిదాకా సిగ్గుపడుతున్నాను. ఆయనకు మిగిలిన కంటిచూపులో మూడు రోజులను అబద్ధం చెప్పి తీసేసుకున్నానని అప్పుడు తెలిసింది.

బస్సు దిగగానే బెంగళూరుకు ఫోన్ చేసి అమ్మనన్నాను. పని చేసేవాళ్ళెవరికైనా ఇద్దామని చూశాను. పక్కనున్న అంగళ్లు ఊరి నుంచి ఒక మేస్త్రీ వచ్చి, దాని ముందు వంగి, "నడుము పోతాది అక్కా, ఇది చిన్నపిల్లోళ్ళకా?" అన్నాడు. ఆ ఎత్తు ఈ ఊళ్ళో ఎవరికీ కుదరలేదు, నాకు తప్ప.

మళ్ళీ పుంగనూరు వెళ్ళాను. "ఈసారి నిజం మామా. నాకు పని నేర్పించు."

ఆయన నన్ను నమ్మడానికి నెల పట్టింది. ఆ తరువాత తనే బస్సెక్కి మదనపల్లె వచ్చాడు. కత్తిపీట పట్టించి, ఆకురాయి చేతికిచ్చి, నా వెనక స్టూలు మీద కూర్చున్నాడు. నేను రుద్దింది బొటనవేలితో తడిమి "మళ్ళీ" అనేవాడు. పోయేముందు ఏడాదిలో రెండుసార్లు మాత్రం "ఊఁ" అన్నాడు. ఆ రెండు కత్తిపీటలనూ నేను అమ్మలేదు. ఇప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళు కత్తిపీటలకు నా దగ్గరికే వస్తారు.

పోయిన వారం ఒక పాత త్రాసు దొరికితే కలికిరిలో బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాను. కూలి మాటకంటే ముందు, "ఇది తూచేదానికి కాదప్పా, ఒక ఇంట్లో గోడకు తగిలిస్తారు" అని చెప్పాను. వాడు తేలిగ్గా ఊపిరి వదిలి, "ముందే సెప్పినావు అక్కా. అట్లయితే ముల్లు సరిజేసే పని లేదు" అని తనంతట తనే సగం కూలి చాలన్నాడు. అంత సులభంగా నా జన్మలో ఏ బేరమూ కుదరలేదు.

మామకు ఇది చెప్పాలనిపించింది. ఏమనేవాడో కూడా నాకు తెలుసు.

"దాంట్లో గూడా లాభమే సూసుకుంటివా, శెట్టెమ్మా!"